తాతల జాడ పొలం కాగితాల్లో: రైతు కుటుంబ చరిత్ర వెతికి రాసుకోవడం ఎలా

"తూర్పు – డొంక. దక్షిణం – నా తమ్ముని వాటా చేను. పడమర – వాగు. ఉత్తరం – దేవుడి మాన్యం."

మా ముత్తాత రాసిన ఒక తాకట్టు దస్తావేజులో హద్దుల దగ్గర ఉన్న ముక్కలివి. ఆయన ఒక్కడే కొడుకని మా ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్ళు. ఈ కాగితం చదివాకే ఆయనకో తమ్ముడు ఉన్నాడని మాకు తెలిసింది. ఆ తమ్ముడి సంతతి ఏమైందో తెలుసుకోవాలని వెతకడం మొదలుపెట్టాను. ఎక్కువ సార్లు నాకు దారి చూపించింది ఆ చేనే. మీకు కూడా అదే చెబుతాను. మనిషి పేరు పట్టుకుని వెతికితే త్వరగా ఆగిపోతాం. పొలం పట్టుకుని వెనక్కి వెళ్తే దాన్ని దున్నినవాళ్ళు, పంచుకున్నవాళ్ళు, పోగొట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటపడతారు.

ఇంగ్లండులో ఎవరైనా తాతల గురించి వెతికితే ముందుగా జనాభా లెక్కలు తెరుస్తారు. అక్కడ 1921 నాటి లెక్కలు ఇంటింటి పేర్లతో సహా 2022లో బయటపెట్టారు. అమెరికాలో 1950 నాటివి అదే ఏడాది ఇచ్చారు. మన దగ్గర ఆ వీలు లేదు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటి వివరాలు రాసిన రికార్డును ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదు. అందుకని "మా తాత పేరు 1931 జనాభా లెక్కల్లో ఎక్కడుంది" అని తిరిగి టైమ్ వృథా చేసుకోకండి. సెన్సస్ మనకు ఎంతవరకు పనికొస్తుందో తర్వాత చెబుతాను.

ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి

ఏ ఆఫీసుకైనా వెళ్ళేముందు చేయాల్సిన పని ఇది. పెద్దవాళ్ళను "ఏ సంవత్సరం?" అని అడిగితే చెప్పలేరు. "తుఫాను ముందా, తర్వాతా?" అని అడిగితే చెబుతారు. కోస్తాలో 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన అందరికీ గుర్తే. తెలంగాణలో అయితే రజాకార్ల కాలం, పోలీసు చర్య. ఇంకా వెనక్కి వెళ్తే కరువుల పేర్లు వినిపిస్తాయి. "ధాత కరువులో ఇక్కడికి వలస వచ్చారట" అని ఎవరైనా అంటే అది 1876–78 నాటి కరువు. నందన కరువు అంటే 1832–33, గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన కరువు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కాబట్టి ధాత అంటే 1936–37 కూడా కావచ్చు. ఎవరి తాత కాలమో చూసుకుని లెక్క కట్టండి.

డెల్టా ఊళ్ళవాళ్ళు మరో సంగతి కూడా అడగండి: మెట్ట నుంచి దిగువకు ఎప్పుడు వచ్చారు? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ తర్వాతే వచ్చినవాళ్ళైతే మీ అసలు ఊరు వేరే ఉంటుంది, పాత కాగితాలూ అక్కడే ఉంటాయి.

ఆడవాళ్ళ పేర్ల కోసం మాత్రం కాగితాల మీద పూర్తిగా ఆధారపడకండి. మా వైపు కాగితాల్లో నాయనమ్మల పేర్లు దాదాపు లేవు, "ఫలానావారి భార్య" అని తప్ప. నాకు ఆ పేర్లు దొరికింది తద్దినం దగ్గర. తద్దినంలో మూడు తరాల పేర్లు చదువుతారు: తండ్రి, తాత, ముత్తాత, అలాగే తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. పుష్కరాల్లో పిండాలు పెట్టిన పెద్దనాన్నో చిన్నాన్నో ఉంటే, అక్కడ చదివించడానికి పేర్లు రాసుకున్న చీటీ ఉందేమో అడగండి. మా ఇంట్లో పంచాంగం మధ్యలో అలాంటి చీటీ ఒకటి దొరికింది. అరచేతి వెడల్పు కాగితం, అందులో ఆరు పేర్లు, మూడు ఆడవాళ్ళవి. ఇంతదాకా నేను చూసిన ఏ రిజిస్టరులోనూ ఆ మూడు పేర్లు లేవు.

మీ వైపు ఊళ్ళకు పిచ్చుకుంట్లవారు వచ్చేవాళ్ళేమో కూడా కనుక్కోండి. ఇప్పుడు వాళ్ళను వంశరాజులు అంటున్నారు. ఇంటిపేర్లు, గోత్రాలు, ఏ ఊరి నుంచి ఎవరు విడిపోయారో తరతరాలుగా నోటికి చెప్పిన కుటుంబాలు వాళ్ళవి. ఆ కథలో పొగడ్త పాళ్ళు ఎక్కువే, అయినా ఊరి పేర్లు చాలాసార్లు సరిగ్గా ఉంటాయి. విన్నది విన్నట్టు రాసుకుని, కాగితంతో తర్వాత సరిచూసుకోండి.

ఒక మాట ముందే చెప్పాలి. పాత భూమి కాగితాలు అడగ్గానే బంధువులకు టెన్షన్ మొదలవుతుంది. "ఇప్పుడెందుకు, వాటా అడుగుతాడా?" అనుకుంటారు. మా పెద్దనాన్న నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. అడిగేముందే మీ ఉద్దేశం చెప్పండి, ఒరిజినల్ ఇమ్మనకుండా వాళ్ళ ఎదుటే ఫోటో తీసుకోండి, తీసినవన్నీ వాళ్ళకు కూడా పంపండి. కాగితాన్ని లామినేట్ చేయించొద్దు, చిరిగినచోట టేపు అంటించొద్దు. వెనకవైపు కూడా ఫోటో తీయండి. రిజిస్ట్రేషన్ నంబరు, పుస్తకం నంబరు, సాక్షుల పేర్లు చాలాసార్లు వెనకే ఉంటాయి.

సర్వే నంబరు, అప్పటి తాలూకా తెలుసుకోండి

కుటుంబంలో ఎవరి చేతుల్లోనైనా ఉన్న పాత పొలం ఒక్కటి ఎంచుకోండి. దాని సర్వే నంబరు, పాస్ పుస్తకంలోని ఖాతా నంబరు రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో వచ్చిన భూభారతి, ఈ ప్రభుత్వ పోర్టళ్ళు ఇప్పటి సంగతి చెబుతాయి. మనకు కావలసింది వీటికి వెనక ఉన్నది.

అప్పటి జిల్లా, తాలూకా పేర్లు సరిగ్గా తెలియకపోతే తప్పు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. మా ఒంగోలు వైపే చూడండి. 1904కు ముందు కాగితాల్లో నెల్లూరు జిల్లా ఒంగోలు తాలూకా అని ఉంటుంది. గుంటూరు జిల్లా ఏర్పడ్డాక 1970 దాకా గుంటూరు జిల్లా అని, ఆ తర్వాత రెండేళ్ళు ఒంగోలు జిల్లా అని, 1972 నుంచి ప్రకాశం జిల్లా అని ఉంటుంది. 1985లో మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మళ్ళీ మారాయి. మీ ఊరికి కూడా ఇలాంటి వరస ఒకటి రాసి జేబులో పెట్టుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మొదట అడగాల్సిన ప్రశ్న: "మా ఊరు అప్పట్లో ఏ ఆఫీసు పరిధిలో ఉండేది?"

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏం అడగాలి

ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందు దస్తావేజుల కోసం ఆఫీసులో ఫీజు కట్టి వెతికించుకోవాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు, దత్తతకు అనుమతిచ్చే పత్రాలు మూడో పుస్తకంలో ఎక్కుతాయి. ఒకటో పుస్తకం, దాని సూచికలు ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు. వీలునామా సంగతి వేరు. రాసిన మనిషి బతికుండగా ఆయనకో ఆయన తరఫు ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు. చనిపోయాక ఎవరు దరఖాస్తు చేసినా ఇస్తారు. మరణ ధ్రువపత్రం ఉంటే వెంట తీసుకెళ్ళండి. "మీకేం సంబంధం?" అని ఎవరైనా అడ్డుపడితే, 57వ సెక్షన్ అని మర్యాదగా గుర్తు చేయండి.

నేను వెళ్ళిన ఒక ఆఫీసులో ఆ సంవత్సరం పుస్తకం చెదలు తిన్నదని, మళ్ళీ రావద్దని చెప్పి పంపేశారు. తిరిగి వెళ్ళి రాతపూర్వకంగా దరఖాస్తు ఇస్తే, తిన్నది సగమేనని, మాకు కావలసిన పేజీ బాగానే ఉందని తేలింది. నోటి మాటతో వెనక్కి రాకండి. లేదన్నది కూడా కాగితం మీదే తీసుకోండి.

వీలునామా ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. హిందూ రైతు కుటుంబాల్లో పాత వీలునామాలు తక్కువే, దానికి కారణం ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం రాకముందు మితాక్షర ధర్మం, అంటే పాత హిందూ వారసత్వ పద్ధతి ప్రకారం ఉమ్మడి కుటుంబంలో విడిపోని వాటాను వీలునామా ద్వారా ఇవ్వడానికి లేదు. తన స్వార్జితం ఉన్నవాడు, లేదా భాగాలు పంచుకుని విడిగా ఉన్నవాడు, కొడుకులు లేనివాడు, ఇలాంటివాళ్ళే ఎక్కువగా రాశారు. అందుకే మీ ఇంటి కథ ఎక్కువ భాగం వేరే దస్తావేజుల్లో ఉంటుంది: భాగపరిష్కార పత్రం, దఖలు దస్తావేజు (అయినవాళ్ళకు ఆస్తి రాసిచ్చేది), తాకట్టు, క్రయం, దత్తత పత్రం. కొన్ని ఇళ్ళలో విధవరాలికి తిండికీ బట్టకూ రాసిన మనోవర్తి దస్తావేజు, ఆడబిడ్డకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి కాగితం కూడా దొరుకుతాయి. ఆడవాళ్ళు సొంత పేరుతో, తండ్రి పేరుతో సహా కనిపించేది వీటిలోనే. ఇవి తప్పకుండా అడగండి.

దస్తావేజును చదివే పద్ధతి

పైన రాసిచ్చినవాళ్ళ, రాయించుకున్నవాళ్ళ పేర్లు, తండ్రి పేరు, వయసు, వృత్తి, కాపురం ఉన్న ఊరు ఉంటాయి. వయసు అంచనాగా చెప్పిందే, నాలుగైదేళ్ళు అటూ ఇటూ అనుకోండి. తండ్రి పేరు ముందు "లేట్" అని ఉంటే ఆ తేదీకి ఆయన లేడన్నమాట. 1931 కాగితంలో లేకుండా, 1934 కాగితంలో "లేట్" అని ఉంటే ఆ మూడేళ్ళలో పోయారు. మరణ రిజిస్టరు దొరకనిచోట ఇంతకన్నా మంచి ఆధారం దొరకడం కష్టం.

వీలునామాలో రెండు మాటల దగ్గర ఆగండి. ఆస్తి "స్వార్జితం" అన్నాడా, "పిత్రార్జితం" అన్నాడా? స్వార్జితం అంటే ఆయన ఎప్పుడో కొన్నాడు, ఆ క్రయ దస్తావేజు కూడా వెతకాలి. భార్యకు ఇచ్చినచోట "జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం..." అని ఉందా? అప్పుడు ఆ తదనంతరం ఎవరికని రాశాడో వాళ్ళే తర్వాతి తరం. కొడుకులున్నా తమ్ముడి కొడుక్కు రాశాడంటే ఆ ఇంట్లో ఏదో జరిగింది. దాన్ని ఊహించి రాయకండి, పెద్దవాళ్ళను అడగండి.

ఇక హద్దులు. నేను అన్నిటికన్నా ఎక్కువ సేపు చూసేది ఇక్కడే. అన్నదమ్ములు పంచుకున్నాక వాళ్ళ పొలాలు పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి హద్దు దగ్గర మీ ఇంటిపేరే కనిపిస్తే ఆ మనిషి చుట్టమే అనుకుని వెతకొచ్చు. ఒకే చేను మీద పదేళ్ళ తేడాతో రెండు దస్తావేజులు దొరికితే హద్దులను పక్కపక్కన రాసి చూడండి. మా చేనుకు దక్షిణాన మొదటి కాగితంలో "నా తమ్ముని వాటా" అని ఉంది. తర్వాతి కాగితంలో అదే దిక్కున వేరే ఇంటిపేరు వచ్చింది. ఆ తమ్ముడు ఎవరికో అమ్ముకుని పోయాడని అర్థం చేసుకుని, కొన్నవాళ్ళ పేరు మీద వెతికించాను. క్రయ దస్తావేజు దొరికింది. అందులో ఆయన కాపురం ఉన్న ఊరు వేరే రాసి ఉంది, అది ఆయన అత్తవారి ఊరు. ఇల్లరికం వెళ్ళాడని అలా తెలిసింది. ఇల్లరికం వెళ్ళినవాళ్ళకు మామగారి భూమి వస్తుంది, ఇంటిపేరు మాత్రం పాతదే ఉంటుంది. పట్టా మీద ఇంటిపేరు మారగానే పొలం అమ్మేశారని తీర్మానించుకోవద్దని చెప్పేది ఇందుకే.

సాక్షులను, దస్తూరి రాసినవాణ్ణి కూడా రాసుకోండి. సాక్షి సంతకం చేసింది తరచుగా బావో, మేనమామో. వాటా "పదహారణాల్లో నాలుగణాలు" అని ఉంటే నాలుగో వంతు, అంటే మరో ముగ్గురు వాటాదారులు ఉండొచ్చు.

రెవెన్యూ రికార్డు, ఆంధ్ర వైపు

ఇక్కడ పునాది ఆర్.ఎస్.ఆర్., అంటే శిస్తు మళ్ళీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. డైగ్లాట్ అని కూడా వింటారు, ఇంగ్లిషు తెలుగు రెండూ ఉండే రిజిస్టరు. పాత సర్వే నంబరు, కొత్త నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. పేరు రాయాల్సినచోట చుక్కలు పెట్టి వదిలేసి ఉంటే అవే ఇప్పుడందరూ చెప్పుకునే చుక్కల భూములు. మీ తాత దున్నలేదని దాని అర్థం కాదు, అప్పటి అధికారులు ఎవరిదో తేల్చలేదని మాత్రమే. తర్వాత ఏడాదికోసారి రాసే సాగు లెక్క, అడంగల్, చూడండి. పట్టాదారు ఒకరు, సాగు చేసేది ఒకరైతే అడంగల్‌లో తెలుస్తుంది.

జమీందారీ ఊళ్ళలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి. ఇనాం భూములైతే 1858లో మొదలైన ఇనాం కమిషన్ రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఉంది. ఇనాం ఎవరిచ్చారు, మొదట ఎవరు పొందారు, విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉంది, ఇవన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఆ ఒక్క వరస మూడు నాలుగు తరాలు వెనక్కి తీసుకెళ్ళగలదు.

తేదీలు ఫసలీలో, అంటే రెవెన్యూ సంవత్సరంలో ఉంటాయి. ఫసలీకి 590 కలపండి. ఫసలీ 1344 అంటే 1934 జూలై నుంచి 1935 జూన్ దాకా. పాత లెక్కలు గొలుసుకట్టు రాతలో, తెలుగు అంకెల్లో ఉంటాయి. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు. మీ ఇంటిపేరు, ఊరిపేరు ఎలా రాశాడో పట్టుకుంటే మిగతా అక్షరాలు మెల్లగా విడతాయి. పాత కరణాల ఇళ్ళలో ఆ రాత చదవగలిగిన పెద్దలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు, వాళ్ళుండగానే వెళ్ళండి. 1984 జనవరిలో కరణం పదవులు రద్దయ్యాయి. అప్పుడు కొన్ని ఊళ్ళలో దస్త్రాలు సరిగ్గా చేతులు మారలేదు, అందుకే కొన్ని ఏళ్ళ రికార్డు కనిపించదు.

తెలంగాణ వైపు

మొదటి సెటిల్‌మెంట్ నాటి భూమి రిజిస్టరు సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ (పహాణీ అంటే ఇక్కడి అడంగల్), ఆ వెంటనే 1955–58 చెస్సలా పహాణీ, ఈ మూడూ వరసగా అడగండి. ఖాస్రా పహాణీలో పట్టాదారు, కబ్జాలో ఉన్నవాడు విడివిడిగా కనిపిస్తారు. పట్టాదారు చనిపోయి వారసులకు మారితే ఫౌతీ, విరాసత్ అనే మాటలు వస్తాయి, మార్పులు ఫైసల్ పట్టీలో ఉంటాయి. పాతవి ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదవగలిగినవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. నిజాం కాలపు ప్రభుత్వ దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

పట్టా లేని కుటుంబాలు

మా తాతకు భూమే లేదు, మాకేం దొరుకుతుందని కొందరు అడుగుతారు. కౌలుకు దున్నినవాళ్ళు, పాలేరుతనం చేసినవాళ్ళే ఈ పొలాలను నిలబెట్టారు, వాళ్ళ జాడ కూడా ఉంది. అడంగల్‌లో అనుభవదారు గడి చూడండి. తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు, వాళ్ళకు యాజమాన్య హక్కు ఇచ్చిన 38-ఇ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆంధ్రలో డి.కె.టి. పట్టాల (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టాల) ఫైళ్ళు చూడండి. పిల్లల బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు ఉంటాయి.

కొందరి తాతలు పడవెక్కి మారిషస్, దక్షిణాఫ్రికాలోని నేటాల్, ఫిజీలకు కూలీలుగా వెళ్ళిపోయారు. వాళ్ళ ప్రయాణ కాగితాల్లో తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. మారిషస్ రికార్డు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, కొందరివి ఫోటోలు కూడా ఉన్నాయి. ఇక్కడ తప్పిపోయిన తమ్ముడు అక్కడ దొరికే అవకాశం ఉంది.

సెన్సస్‌కు బదులు

ఇంటివారీగా పేర్లు కావాలంటే పాత ఓటర్ల జాబితాలు వెతకండి. ఇంటి నంబరు వారీగా పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు వరసగా ఉంటాయి. ఒకే ఇంటి నంబరు కింద ఉన్నవాళ్ళను కలిపి చూస్తే ఆనాటి ఉమ్మడి కాపురం కనిపిస్తుంది. భూమి ఎక్కువ ఉన్న ఇళ్ళకు 1973 భూసంస్కరణల చట్టం కింద ఇచ్చిన డిక్లరేషన్లు ఉన్నాయి. భార్య, మైనరు పిల్లలు, ఏ ఊళ్ళో ఎంత భూమి, అన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. కోర్టులో భాగాల దావా నడిచిన ఇల్లయితే తీర్పు నకలు తీయించండి, వంశవృక్షం అందులోనే గీసి ఉండొచ్చు.

సెన్సస్ మీ ఊరి గురించి చెబుతుంది. 1951 నుంచి వచ్చిన జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో ఊరివారీ జనాభా ఉంది. రెండు లెక్కల మధ్య ఊరు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా, మీ వాళ్ళ వలస కథకు అది తోడవుతుంది.

రాసి పెట్టుకోవడం

తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఆచారం కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. పెద, చిన అనేవి ఒక్కోసారి కాగితంలో ఎగిరిపోతాయి. అందుకని ప్రతి మనిషినీ నాలుగు వివరాలతో రాయండి: పేరు, తండ్రి పేరు, ఆ కాగితం తేదీకి వయసు, ఏ సర్వే నంబరు. నాలుగింట్లో మూడు కలిస్తేనే ఒకే మనిషి అనుకోండి. నేను మొదట్లో తాతనూ మనవణ్ణీ ఒక్కరే అనుకుని ఏడాది పాటు తప్పు చెట్టు గీశాను. ప్రతి పేరు పక్కన ఆ వివరం ఏ కాగితంలోదో, ఎవరు చెప్పారో రాయండి. విన్నది పెన్సిలుతో, కాగితంలో చూసింది పెన్నుతో రాసే అలవాటు నాకు బాగా పనికొచ్చింది.

చెట్టు ఒక కొలిక్కి వచ్చాక ఇంట్లో అందరికన్నా పెద్దావిడ దగ్గరకు వెళ్ళి పేర్లన్నీ పైకి చదవండి. మా మేనత్త కళ్ళు మూసుకుని విన్నది. ముత్తాత తమ్ముడి పేరు రాగానే ఆపి, "ఆయనకో కూతురుండేదిరా, నాకన్నా రెండేళ్ళు పెద్ద, వాగులో కలిసి ఆడుకునేవాళ్ళం" అంది. ఆ పిల్ల పేరు ఏ దస్తావేజులోనూ లేదు. పెన్సిలుతో రాసుకున్నాను. ఇప్పుడు ఆమె అత్తవారి ఊరి రిజిస్టర్లు వెతుకుతున్నాను.